సెలవుల జాబితా సెప్టెంబర్‌కే కావాలి, కారణాలతో సహా

సంపాదకులు గారికి,

నమస్కారం. ఏటా నవంబర్, డిసెంబర్ నెలల్లో రెండు తెలుగు రాష్ట్రాల సాధారణ పరిపాలన శాఖలు వచ్చే ఏడాది సెలవుల ఉత్తర్వు ఇస్తాయి. మర్నాడు పత్రికలన్నీ పట్టిక వేస్తాయి. సాధారణ సెలవులు ఇన్ని, ఐచ్ఛిక సెలవులు ఇన్ని అని శీర్షిక పెడతాయి. రెండు రోజులు చర్చ నడుస్తుంది, తర్వాత అందరూ మర్చిపోతారు. ఆ ఉత్తర్వు రావలసిన సమయానికి రావడం లేదన్నది, దానిలో ఉండవలసిన సమాచారం ఉండడం లేదన్నది ఈ ఉత్తరం సారాంశం. 2027 జాబితా ఇంకా రాలేదు కాబట్టి ఇప్పుడే రాస్తున్నాను.

ముందుగా ఆలస్యం సంగతి. రైలు టికెట్ల ముందస్తు రిజర్వేషన్ గడువును రైల్వే శాఖ 2024 నవంబర్ 1 నుంచి 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గించింది. ప్రయాణం చేసే రోజును ఈ 60లో లెక్కించరు. 2027 సంక్రాంతికి జనవరి 12న సికింద్రాబాద్‌లో రైలెక్కాలంటే 2026 నవంబర్ 13 ఉదయం 8 గంటలకు టికెట్ల అమ్మకం మొదలవుతుంది. పండుగ రైళ్లలో బెర్తులు నిమిషాల్లో అయిపోతాయని అందరికీ తెలుసు. భోగి ఏ రోజో, కనుమకు సెలవుందో లేదో ప్రభుత్వం చెప్పేది ఆ తర్వాత. గడువు 120 రోజులున్నప్పుడు కూడా ఇదే తంతు. ఇప్పుడు గడువు సగానికి తగ్గింది కాబట్టి, ప్రభుత్వం కాస్త ముందుకు జరిగితే చాలు, జనం తేదీ తెలిసి టికెట్ కొనుక్కోగలుగుతారు.

గోడ క్యాలెండర్ల సంగతి ఇంకా ముందు. శివకాశిలో కొత్త ఏడాది క్యాలెండర్ల ఆల్బమ్‌లు ఆడి పద్ధెనిమిది నాడు, అంటే ఆగస్టు మొదటి వారంలో విడుదలవుతాయి. అక్కడి నుంచి ఆర్డర్లు, అచ్చు, రవాణా. మన ప్రెస్సుల్లోనూ అక్టోబర్‌కల్లా ప్లేట్లు సిద్ధమవుతాయి. అందువల్ల మన ఇళ్లలో క్యాలెండర్ మీద ఎర్ర అంకెలు ప్రభుత్వ ఉత్తర్వును చూసి వేసినవి కావు. పంచాంగాన్ని, పాత ఏడాది జాబితాను పక్కన పెట్టుకుని వేసినవి. చాలావరకు సరిపోతాయి. సరిపోని ఆ ఒకటి రెండు తేదీల దగ్గరే పెళ్లి హాలు అడ్వాన్సులు, పరీక్ష తేదీలు, కోర్టు వాయిదాలు తారుమారవుతాయి.

ఇంత ముందుగా తేదీలు చెప్పడం సాధ్యమా అని అడిగేవారున్నారు. సాధ్యమే. ఏడాది సెలవుల్లో మూడు రకాల తేదీలున్నాయి. మొదటి రకానికి కాగితం పెన్సిలు చాలు. రెండో రకానికి పంచాంగ గణితం కావాలి. మూడో రకానికి మాత్రం నెలవంక కనిపించే సాయంత్రం దాకా ఆగాలి.

ఇంగ్లిష్ తేదీకి కట్టుబడిన గణతంత్ర దినం, అంబేడ్కర్ జయంతి, స్వాతంత్ర్య దినం, గాంధీ జయంతి, క్రిస్మస్ మొదటి రకం. ఏడాదికి 365 రోజులంటే 52 వారాలు, ఒక రోజు. కాబట్టి ఏటా ఆ తేదీ వారంలో ఒక రోజు ముందుకు జరుగుతుంది. లీపు సంవత్సరంలో ఫిబ్రవరి 29 దాటిన తేదీలు రెండు రోజులు జరుగుతాయి. ఆగస్టు 15 ఈ ఏడాది (2026) శనివారం, 2027లో ఆదివారం, 2028లో మంగళవారం. జనవరి 26 ఈ ఏడాది సోమవారం, 2027లో మంగళవారం, 2028లో బుధవారం, 2029లో శుక్రవారం. జనవరి తేదీకి లీపు దెబ్బ మరుసటి ఏడాది తగులుతుంది. ఇక్కడే చాలామంది తప్పు లెక్క వేస్తారు. ఇంకో చిన్న సౌకర్యం ఉంది. మే 1, అక్టోబర్ 2, డిసెంబర్ 25 ఏ సంవత్సరంలోనైనా వారంలో ఒకే రోజున పడతాయి. మొదటి రెంటి మధ్య సరిగ్గా 22 వారాలు, తర్వాతి రెంటి మధ్య 12 వారాలు. క్రిస్మస్ వారంలో ఏ రోజున పడితే, ఆ వెంటనే వచ్చే జనవరి 1 కూడా అదే రోజున పడుతుంది. గాంధీ జయంతి ఏ రోజున పడుతుందో తెలిస్తే ఏడాది చివరంతా తెలిసినట్టే.

రెండో రకం మన తిథి పండుగలు. చాంద్రమాన సంవత్సరానికి సుమారు 354 రోజులు. సౌరమానం కన్నా దాదాపు 11 రోజులు తక్కువ. అందుకే పండుగలు ఏటా 10, 11 రోజులు ముందే వచ్చేస్తుంటాయి. సూర్య సంక్రమణం, అంటే సూర్యుడు ఒక రాశి నుంచి మరో రాశికి మారడం, లేని చాంద్రమాసం వచ్చినప్పుడు దాన్ని అధిక మాసంగా లెక్కించి ఆ తేడాను సరిచేస్తారు. 19 ఏళ్లలో ఏడుసార్లు ఇలా జరుగుతుంది. 2020లో అధిక ఆశ్వయుజం, 2023లో అధిక శ్రావణం, ఈ ఏడాది మే 17 నుంచి జూన్ 15 వరకు అధిక జ్యేష్ఠం. దీని ప్రభావం ఒకే ఏడాదిలో రెండు రకాలుగా కనిపిస్తుంది. ఉగాది అధిక మాసానికి ముందు కాబట్టి నిరుటి మార్చి 30 నుంచి ఈ ఏడాది మార్చి 19కి వచ్చింది. వినాయక చవితి అధిక మాసం తర్వాతది కాబట్టి నిరుటి ఆగస్టు 27 నుంచి సెప్టెంబర్ 14కి పోయింది. దసరా అక్టోబర్ 2 నుంచి 20కి, దీపావళి అక్టోబర్ 20 నుంచి నవంబర్ 8కి పోయాయి. 2027లో ఉగాది ఏకంగా ఏప్రిల్ 7కి వెళుతుంది, చవితి సెప్టెంబర్ 4కి వస్తుంది. బడి టర్ములు, పరీక్షల తేదీలు వేసేవారు అధిక మాసం ఎక్కడుందో చూడకుండా నిరుటి జాబితాలో పది రోజులు తీసేస్తే అంతా తలకిందులవుతుంది.

ఈ లెక్కంతా ఏళ్ల ముందే దొరుకుతుంది. పేచీ వచ్చేది గణితంలో కన్నా నియమంలో. ఈ ఏడాది ఉగాదినే తీసుకోండి. దృక్ గణితం (ఆధునిక ఖగోళ లెక్క) ప్రకారం మార్చి 19న అమావాస్య ఉదయం 6.50 దాటాక ముగిసింది. విజయవాడలో ఆ రోజు సూర్యోదయం సుమారు 6.15కు. అంటే సూర్యుడు ఉదయించే వేళకు ఇంకా అమావాస్యే. ఆ తర్వాత మొదలైన పాడ్యమి మర్నాడు తెల్లవారుజామున 5 గంటలలోపే వెళ్లిపోయింది. రెండు సూర్యోదయాల మధ్యే పుట్టి ముగిసింది, ఏ సూర్యోదయాన్నీ తాకలేదు. అలాంటి క్షయ తిథి వచ్చినప్పుడు పాడ్యమి మొదలైన రోజునే ఉగాది చేసుకోవాలన్నది నియమం. కాబట్టి 19. క్యాలెండర్‌లో 19వ తేదీ గడిలో అమావాస్య అనే ఉంటుంది, ఎర్ర అంకె కింద ఉగాది అని ఉంటుంది. కారణం ఒక్క వాక్యంలో ఉత్తర్వులో రాసి ఉంటే చూసినవారికి ఏ సందేహమూ ఉండేది కాదు.

2027 ఉగాది దగ్గర ఇంతకన్నా జాగ్రత్త అవసరం. దృక్ గణితం ప్రకారం ఏప్రిల్ 7న అమావాస్య ఉదయం సుమారు 5.20కి ముగుస్తుంది. సూర్యోదయం 6 గంటల ప్రాంతంలో. మధ్యలో ఉన్నది దాదాపు నలభై నిమిషాలే. సూర్యోదయానికి పాడ్యమి ఉంది కాబట్టి ఏప్రిల్ 7 ఉగాది. కానీ పూర్వ పద్ధతిలో, అంటే పాత సిద్ధాంత గ్రంథాల సూత్రాలతో గణించే పంచాంగాల్లో తిథి ముగిసే వేళకు దృక్ పంచాంగంతో కొన్ని గంటల తేడా రావచ్చు. నలభై నిమిషాల అంచున ఉన్న తిథికి ఆ తేడా సరిపోతుంది. అమావాస్య సూర్యోదయం దాటిందని ఏదైనా పంచాంగం చెబితే, ఆ పంచాంగం ప్రకారం పండుగ ఒక రోజు ఆలస్యమయ్యే ప్రమాదం ఉంది. ఈ సంగతి ఇప్పుడే తెలుస్తున్నప్పుడు, రెండు రాష్ట్రాల దేవాదాయ శాఖలు, పంచాంగకర్తలు ఈ సెప్టెంబర్‌లోపే కూర్చుని తేల్చుకోవచ్చు. మార్చి నెలాఖరులో టీవీ చర్చల్లో తేల్చుకోవలసిన విషయం కాదిది.

శ్రీరామనవమి ఇంకో రకం పేచీ. ఈ ఏడాది నవమి మార్చి 26న దాదాపు మధ్యాహ్నం వేళ వచ్చి 27 ఉదయం 10 దాటాక వెళ్లింది. రాముడు పుట్టిన మధ్యాహ్న వేళకు నవమి ఉండాలనేవారికి 26. సూర్యోదయానికి ఉన్న తిథినే రోజంతా పాటించాలనేవారికి 27. కేంద్రం జాబితాలో 26 ఉంది, మన రెండు రాష్ట్రాల జాబితాల్లో 27 ఉంది. రెండూ శాస్త్రం ఒప్పుకునేవే. కానీ భార్య రాష్ట్ర ప్రభుత్వ పాఠశాలలో, భర్త కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో పనిచేసే ఇంట్లో కల్యాణానికి ఏ రోజు వెళ్లాలో తేలాలంటే ఇద్దరి జాబితాలూ ముందుగా చేతిలో ఉండాలి.

దీపావళికి సూర్యాస్తమయం తర్వాతి ప్రదోష వేళలో అమావాస్య ఉండాలి. నిరుడు అమావాస్య అక్టోబర్ 20 మధ్యాహ్నం 3.45 ప్రాంతంలో వచ్చి, 21 సాయంత్రం 5.55 ప్రాంతంలో పోయింది. 21న మన వైపు సూర్యాస్తమయమూ దాదాపు అదే వేళ. 20న ప్రదోషమంతా అమావాస్య ఉంది కాబట్టి 20 అన్నారు. 21 అన్నవారూ ఉన్నారు. ఇక్కడ ఊరి రేఖాంశం కూడా లెక్కలోకి వస్తుంది. శ్రీకాకుళానికీ హైదరాబాద్‌కూ మధ్య సుమారు అయిదున్నర డిగ్రీల తేడా ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున, శ్రీకాకుళంలో సూర్యుడు ఇరవై నిమిషాలకు పైగా ముందే అస్తమిస్తాడు. తిథి ముగిసే వేళ సరిగ్గా ఆ ఇరవై నిమిషాల్లో పడితే రెండు ఊళ్లకు రెండు సమాధానాలు వస్తాయి. అందుకే పంచాంగం ఏ ఊరికి గణించిందో మొదటి పేజీలో రాస్తారు. ప్రభుత్వ జాబితా కూడా ఆ మాట చెప్పాలి.

సంక్రాంతి తిథి పండుగ కాదు. సూర్యుడు మకర రాశిలో ప్రవేశించే క్షణాన్ని బట్టి వస్తుంది. ఆ క్షణం ఏటా ఆరు గంటల పది నిమిషాల చొప్పున ఆలస్యమవుతూ, లీపు రోజు పడ్డాక ఒక రోజు ముందే వస్తుంది. 2025లో జనవరి 14 ఉదయం 9 ప్రాంతంలో జరిగింది, పండుగ 14న. ఈ ఏడాది 14 మధ్యాహ్నం 3 దాటాక. ఉత్తరాదిన ఎక్కువ మంది 14న చేసుకున్నారు, మన రెండు రాష్ట్రాల జాబితాల్లో 14 భోగి, 15 సంక్రాంతి, 16 కనుమ. 2027లో సంక్రమణం 14 రాత్రి 9 దాటాక కాబట్టి పండుగ 15న అన్నదానిపై పెద్దగా తేడా ఉండదు. ఇవి కాక నిదానంగా జరిగే మార్పు ఒకటుంది. సంక్రాంతి సుమారు 70 ఏళ్లకు ఒక రోజు చొప్పున తర్వాతి ఇంగ్లిష్ తేదీకి జరుగుతోంది. వివేకానందుడు మకర సంక్రాంతి నాడు పుట్టారు, ఆ తేదీ 1863 జనవరి 12. జనవరి 14 అన్నది ఎప్పటికీ మారని తేదీ అనుకోకూడదు.

ఈ గందరగోళాన్ని తగ్గించే ప్రయత్నం దేశంలో ఎప్పుడో జరిగింది. భౌతిక శాస్త్రవేత్త మేఘనాద్ సాహా అధ్యక్షతన 1952లో ఏర్పడిన క్యాలెండర్ సంస్కరణ సంఘం దేశమంతటి పంచాంగాలను తెప్పించి చూసింది. దాని సిఫారసుపై 1957 మార్చి 22 నుంచి జాతీయ శక క్యాలెండర్ అమల్లోకి వచ్చింది. కోల్‌కతాలోని పొజిషనల్ ఆస్ట్రానమీ సెంటర్ ఏటా రాష్ట్రీయ పంచాంగం అచ్చు వేస్తుంది, తెలుగులో కూడా. తిథుల వేళలు, పండుగల తేదీలు అందులో ముందే ఉంటాయి. రాష్ట్ర ప్రభుత్వాలు దాన్ని పాటించి తీరాలని నేననడం లేదు. స్థానిక సంప్రదాయానికి విలువ ఉండాలి. కానీ పాటించినప్పుడు పాటించామని, విడిచినప్పుడు ఎందుకు విడిచామో చెప్పడానికి అడ్డేముంది?

మూడో రకం నెలవంక మీద ఆధారపడిన రంజాన్, బక్రీద్, మొహర్రం, మిలాద్ ఉన్ నబీ. హిజ్రీ క్యాలెండర్‌లో అధిక మాసం లేదు. కాబట్టి ఇవి ఏటా 10, 11 రోజులు ముందుకొస్తూ సుమారు 33 ఏళ్లలో అన్ని రుతువులూ తిరుగుతాయి. 2000 సంవత్సరంలో ఈదుల్ ఫితర్ జనవరిలో ఒకసారి, డిసెంబర్‌లో ఒకసారి వచ్చింది. నెల 29 రోజులో 30 రోజులో ఉంటుంది, 31 ఉండదు. 29వ సాయంత్రం చంద్రుడు కనిపిస్తే కొత్త నెల మర్నాడు, లేకపోతే ఎల్లుండి మొదలవుతుంది. హైదరాబాద్‌లో నెలవంకను నిర్ధారించే రూయతే హిలాల్ కమిటీ ఆ సాయంత్రమే ప్రకటిస్తుంది. అంటే అనిశ్చితి ఒక్క రోజే. ఆంధ్రప్రదేశ్ ఉత్తర్వులో తేదీ మారితే ప్రసార సాధనాల ద్వారా చెబుతామన్న గమనిక ఉంటుంది. పత్రికలు పట్టిక వేసేటప్పుడు ఆ గమనికను తీసేస్తున్నాయి. ఈ నాలుగు పండుగల పక్కన చిన్న నెలవంక గుర్తు వేస్తే చాలు, చూసినవారు ఒక రోజు ఎడం పెట్టుకుంటారు. గుడ్ ఫ్రైడే కూడా కదిలేదే అయినా దానికి ఏ అనిశ్చితీ లేదు. మార్చి 21న గాని ఆ తర్వాత గాని వచ్చే పున్నమి దాటిన ఆదివారం ఈస్టర్, దాని ముందటి శుక్రవారం గుడ్ ఫ్రైడే. మార్చి 20కి ముందు రాదు, ఏప్రిల్ 23 దాటదు.

ఇక తేదీ తెలిసినంత మాత్రాన ఆ రోజు ఏది మూసి ఉంటుందో తెలియదు. ప్రజలకు అసలు చిక్కు ఇక్కడే. రాష్ట్ర ప్రభుత్వ సాధారణ సెలవులు ప్రభుత్వ కార్యాలయాలకు వర్తిస్తాయి. ప్రభుత్వ రంగ సంస్థలకు, పారిశ్రామిక సంస్థలకు, విద్యాసంస్థలకు ఆ ఉత్తర్వు తనంతట తాను వర్తించదు, వాటికి ఆయా శాఖలు వేరే ఉత్తర్వులు ఇవ్వాలని అందులోనే రాసి ఉంటుంది. ఐచ్ఛిక సెలవులు ఏడాదికి అయిదు మించకూడదు, ముందుగా రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి, మతంతో నిమిత్తం లేదు. కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలకు 14 తప్పనిసరి సెలవులు, మరో 12 పండుగల జాబితా నుంచి రాష్ట్ర రాజధానిలోని ఉద్యోగుల సమన్వయ కమిటీ ఎంచుకునే మూడు, వ్యక్తిగతంగా వాడుకునే రెండు ఉంటాయి. సంక్రాంతి, ఉగాది, వినాయక చవితి ఆ 14లో లేవు. ఎంచుకునే జాబితాలో ఉన్నాయి. ఫ్యాక్టరీలకు, దుకాణాలకు జాతీయ, పండుగ సెలవులపై 1974 నాటి ప్రత్యేక చట్టం ఉంది. హైకోర్టు తన క్యాలెండర్ తానే వేసుకుంటుంది. కలెక్టర్ ఇచ్చే స్థానిక సెలవు వేరు. పైడితల్లి సిరిమానుకు విజయనగరంలో కార్యాలయం మూసినంత మాత్రాన అక్కడి బ్యాంకు మూసి ఉండాలని లేదు.

బ్యాంకు సెలవుకు మూలం నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం, 1881లోని 25వ సెక్షన్. దాని కింద ప్రభుత్వం విడిగా నోటిఫై చేసిన రోజే బ్యాంకులకు సెలవు. వీటికి తోడు 2015 సెప్టెంబర్ 1 నుంచి రెండో, నాలుగో శనివారాలు, ఖాతాల ముగింపు కోసం ఏప్రిల్ 1. రాష్ట్రం చివరి నిమిషంలో పండుగ తేదీ మార్చినప్పుడు కార్యాలయాల ఉత్తర్వు వెంటనే వస్తుంది, 25వ సెక్షన్ కింది నోటిఫికేషన్ వెనకబడుతుంది. ఆ రోజు ఖజానా మూసి ఉంటుంది, బ్యాంకు తెరిచి ఉంటుంది. లేదా దానికి తలకిందులుగా జరుగుతుంది. చలానా కట్టడానికి వచ్చినవాడు రెండు గుమ్మాల మధ్య తిరుగుతాడు.

గడువు తేదీ సెలవు రోజున పడితే ఏమవుతుందన్నది చాలామంది పొరబడే విషయం. ప్రామిసరీ నోటు, బిల్లు గడువు సెలవు రోజున తీరితే 25వ సెక్షన్ ప్రకారం అది అంతకు ముందరి పనిరోజునే తీరినట్టు. కోర్టులో గాని కార్యాలయంలో గాని చేయవలసిన పనికి చివరి రోజు సెలవైతే, జనరల్ క్లాజెస్ చట్టం 10వ సెక్షన్ ప్రకారం మరుసటి పనిరోజున చేసినా గడువులోపు చేసినట్టే. దావాలకు 1963 లిమిటేషన్ చట్టం 4వ సెక్షన్ అదే చెబుతుంది. ఒకటి వెనక్కి, ఒకటి ముందుకు. నోటు గడువుకు రెండో సూత్రం పట్టుకుని కూర్చుంటే నష్టపోతారు. ఫిక్స్‌డ్ డిపాజిట్ సెలవు నాడు ముగిస్తే మర్నాడు చెల్లిస్తారు, ఆ రోజుకు కూడా ఒప్పుకున్న రేటుకే వడ్డీ రావాలి. నెలసరి కిస్తీల సంగతి వేరు. ఆటోమేటిక్‌గా ఖాతాలోంచి తీసుకునే నాచ్ వ్యవస్థ 2021 ఆగస్టు 1 నుంచి సెలవు రోజుల్లోనూ పనిచేస్తోంది. పండుగ కదా, రేపు తీసుకుంటారులే అని ఖాతాలో డబ్బు ఉంచకపోతే కిస్తీ తిరిగిపోతుంది, జరిమానా పడుతుంది.

ఇవన్నీ కలిపి 2027ను చూస్తే ఒక విడత మరీ జాగ్రత్తగా గమనించాలి. మార్చి 26 శుక్రవారం గుడ్ ఫ్రైడే, 27 నాలుగో శనివారం, 28 ఆదివారం. ఆర్థిక సంవత్సరం చివరి పనికి మిగిలేవి 29, 30, 31 మూడే రోజులు. ఏప్రిల్ 1 గురువారం బ్యాంకుల ఖాతాల ముగింపు. 4 ఆదివారం, 5 సోమవారం జగ్జీవన్ రామ్ జయంతి, 7 ఉగాది, 10 రెండో శనివారం, 11 ఆదివారం, 14 బుధవారం అంబేడ్కర్ జయంతి, 15 శ్రీరామనవమి. ఇప్పటి ఆనవాయితీ కొనసాగితే మార్చి 26 నుంచి ఏప్రిల్ 15 వరకు 21 రోజుల్లో బ్యాంకులు తెరిచి ఉండేది పదే రోజులు. ఉగాది ఒక రోజు ఆలస్యమైతే ఈ వరస కూడా మారుతుంది. బిల్లులు ఖజానాకు పంపే డ్రాయింగ్ అధికారులు, కాంట్రాక్టర్లు, పన్ను కట్టే వ్యాపారులు మార్చి 25 గురువారాన్నే చివరి రోజుగా పెట్టుకోవడం మేలు.

మిగతా ఏడాదిలో శనివారాలు చాలా పండుగలను మింగేస్తున్నాయి. కనుమ, శివరాత్రి (మార్చి 6), మే డే, వినాయక చవితి, గాంధీ జయంతి, దసరా (అక్టోబర్ 9), క్రిస్మస్ అన్నీ శనివారాలే. వీటిలో దసరా రెండో శనివారం, క్రిస్మస్ నాలుగో శనివారం. ఆగస్టు 15 ఆదివారం, మిలాద్ కూడా ఆ తేదీకి అటూ ఇటూ పడుతుంది. బ్రిటన్‌లో ఇలా వారాంతంలో పడిన సెలవుకు బదులు పనిరోజున సెలవిస్తారు. మన దేశంలో ఆ హక్కు లేదు. కేంద్రం తన ఉత్తర్వులోనే బదులు సెలవు ఉండదని రాస్తుంది. రాష్ట్రాలు అప్పుడప్పుడు సర్దుతాయి. 2023లో దీపావళి నవంబర్ 12 ఆదివారం పడితే ఆంధ్రప్రదేశ్ 13 సోమవారం సెలవిచ్చింది. తెలంగాణ 2024 జనవరి 1న సెలవిచ్చి, బదులుగా ఫిబ్రవరి 10 రెండో శనివారం పనిచేయాలంది. తెలంగాణ పద్ధతి నాకు నచ్చుతుంది, ఎందుకంటే ఇచ్చేదీ తీసుకునేదీ ఒకే ఉత్తర్వులో ముందే ఉంటుంది. హఠాత్తుగా ఇచ్చే సెలవు బడులకే ఎక్కువ బరువు. విద్యాహక్కు చట్టం ప్రకారం అయిదో తరగతి దాకా 200, ఆరు నుంచి ఎనిమిది దాకా 220 పనిదినాలు నడపాలి. పోయిన రోజును ఏదో ఒక రెండో శనివారం నాడు తిరిగి నడపక తప్పదు.

కాబట్టి రెండు ప్రభుత్వాలకూ విజ్ఞప్తి. జాబితా ఏటా సెప్టెంబర్ 30 లోపు ఇవ్వండి. ప్రతి తిథి పండుగ పక్కన ఏ పంచాంగం, ఏ ఊరి సూర్యోదయం, ఏ నియమం ఆధారమో ఒక్క వాక్యం రాయండి. పంచాంగకర్తలను సంప్రదించేది జాబితా విడుదలకు ముందే జరగాలి. 25వ సెక్షన్ నోటిఫికేషన్, పాఠశాల విద్యాశాఖ ఉత్తర్వు అదే రోజు, అదే పేజీలో రావాలి. నెలవంక పండుగలు తప్ప మిగతా ఏ తేదీనైనా మార్చవలసి వస్తే కనీసం పదిహేను రోజుల ముందు మార్చండి, మార్చినప్పుడు బ్యాంకుల నోటిఫికేషన్‌ను కూడా కలిపి మార్చండి.

మీ పత్రికకూ ఒక మనవి. మొత్తం సెలవులు ఇన్ని అని శీర్షికలో వేసే అంకెలో ఆదివారాలు కలిసి ఉంటాయి. ఈ ఏడాది ఆంధ్రప్రదేశ్ జాబితాలో శివరాత్రి, జగ్జీవన్ రామ్ జయంతి, దుర్గాష్టమి, దీపావళి నాలుగూ ఆదివారాలే. వాటిని తీసేసి అసలు పనిరోజుల్లో వచ్చే సెలవులెన్నో శీర్షికలో చెప్పండి. పట్టికలో రాష్ట్ర కార్యాలయాలు, కేంద్ర కార్యాలయాలు, బ్యాంకులు, పాఠశాలలు అని నాలుగు గడులు పెట్టి, మూసి ఉండే చోట మాత్రమే చుక్క వేయండి. నెలవంక గుర్తు మరవకండి. తేదీ మారిన రోజున మొదటి పేజీలో వార్త వేసి ఊరుకోక, ఆ నాలుగు గడుల వరసను మళ్లీ అచ్చు వేయండి. పాఠకులు దాన్ని కత్తిరించి క్యాలెండర్ మీద అంటించుకునేంత కొలతలో ఉంటే మరీ మంచిది.

ఇట్లు,
విశ్రాంత ఖజానా శాఖ ఉద్యోగి,
రాజమహేంద్రవరం